ఏ నెలకు ఏ ట్రెయిల్? బే ఏరియా తెలుగువాళ్ల వీకెండ్ లెక్క

మా అమ్మానాన్న మొదటిసారి శాన్‌ఫ్రాన్సిస్కో బే (అఖాతం) పక్కనున్న మా ఊరు ఫ్రీమాంట్ వచ్చింది మే నెలాఖరులో, గుంటూరు ఎండలు తప్పించుకోవడానికి. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొస్తుంటే దారిపొడుగునా ఎండుగడ్డి కొండలే. నాన్న కాసేపు చూసి, "కాలిఫోర్నియా అంటే పచ్చగా ఉంటుందన్నావు, ఇదేందిరా, వినుకొండ రోడ్డులా ఉంది" అన్నారు. అవే కొండలు జనవరిలో ఎలా ఉంటాయో ఫోటో చూపిస్తే, ఫోన్లో రంగు మార్చాననుకున్నారు.

ఇక్కడి కాలాలు మనవాటిని తిరగేసినట్టు ఉంటాయి. వానలు సుమారుగా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, అదీ చలితో కలిసి పడతాయి. మే నుంచి అక్టోబరు దాకా చినుకు పడితే విశేషమే. మనకు శ్రావణంలో కనిపించే పచ్చదనం ఇక్కడ పుష్యమాసంలో కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టించుకోకే మనవాళ్ల ట్రిప్పులు చాలా పాడవుతాయి. రివ్యూల్లో స్టార్లు చూసి ఆగస్టులో బయల్దేరతాం. ఆ స్టార్లు ఇచ్చినవాళ్లేమో మార్చిలో వెళ్లొచ్చినవాళ్లు.

అందుకే "ఎక్కడికి వెళ్దాం" అనే ప్రశ్నతో నేను మొదలుపెట్టను. ఇది ఏ నెల, కార్లో ఎవరెవరు ఉన్నారు అన్న రెండూ తేలితే చోటు దానంతటదే తేలుతుంది.

ఎంచుకునే ముందు

నెల సంగతి చెప్పాను కదా. రెండోది, కార్లో ఉన్నవాళ్లలో అందరికంటే మెల్లగా నడిచేదెవరు? మోకాళ్ల నొప్పులున్న అమ్మో, నిద్రవేళకు పేచీపెట్టే రెండేళ్ల పిల్లో ఉంటే, దూరం ఎంత అన్నది కాక ఎక్కుడు ఎంత అన్నది చూడాలి. చదునుగా ఉంటే మూడు మైళ్లు మా అమ్మ కబుర్లు చెప్పుకుంటూ నడిచేస్తుంది. రెండువేల అడుగులు ఎక్కే మూడు మైళ్లంటే అది వేరే లోకం.

మూడోది నీడ. లోపలి కొండల మీద ఎండాకాలంలో నీడ దొరకదు, టెంపరేచర్ సులువుగా 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. అదే రోజు తీరంలో పొగమంచు కమ్మి 60 ఉంటుంది. గంట ప్రయాణంలో స్వెటర్ తీసేయడం, మళ్లీ వేసుకోవడం ఇక్కడ మామూలే. నాలుగోది బుకింగ్. కొన్ని చోట్లకు ముందే టికెట్టు తీసుకోకపోతే గేటు దగ్గర్నుంచే వెనక్కి రావాలి. ఇక కుక్కను పెంచుకుంటున్నవాళ్లకు ఒక మాట. స్టేట్ పార్కుల్లో చాలా ట్రెయిల్స్ (నడక బాటలు) మీదికి కుక్కల్ని రానివ్వరు. మిషన్ పీక్ లాంటి రీజినల్ పార్కుల్లో తాడు కట్టి తీసుకెళ్లొచ్చు.

నేను తరచు వెళ్లే ఎనిమిది చోట్లు ఇవి:

| చోటు | మంచి నెలలు | వద్దనే నెలలు | నడక | ఎవరికి |
|---|---|---|---|---|
| మిషన్ పీక్ | డిసెంబరు–ఏప్రిల్ | జూన్–సెప్టెంబరు మధ్యాహ్నాలు | రానూపోనూ 6 మైళ్లు, నిటారు | వ్యాయామం కోరేవాళ్లకు |
| కొయోటీ హిల్స్ | నవంబరు–మార్చి. మిగతా నెలల్లో సాయంత్రాలు | గాలి హోరెత్తే మధ్యాహ్నాలు | చదును | పెద్దవాళ్లు, స్ట్రోలర్లు |
| హెన్రీ కోవెల్ | ఏడాదంతా, ఎండాకాలంలో మరీ | పెద్ద వాన రోజు | 0.8 మైలు, చదును | అందరికీ |
| బిగ్ బేసిన్ | వసంతం, శరత్తు | ఎండ మండే రోజు | మీ ఇష్టం | రెండోసారి రెడ్‌వుడ్ చెట్లు చూసేవాళ్లకు |
| ఆన్యో న్వేవో | జనవరి, ఫిబ్రవరి | డిసెంబరు మొదటి రెండు వారాలు | 3 మైళ్లు, ఇసుక | నాలుగైదేళ్లు దాటిన పిల్లలు |
| నేచురల్ బ్రిడ్జెస్ | నవంబరు | సీతాకోకచిలుకల కోసమైతే మార్చి–సెప్టెంబరు | చాలా తక్కువ | పసిపిల్లలు, తాతయ్యలు |
| మౌంట్ డయాబ్లో | వాన వెలిసిన మర్నాడు. అక్టోబరు | వేసవి మధ్యాహ్నాలు | శిఖరం దాకా కారు | వ్యూ కోరేవాళ్లకు |
| హెన్రీ కో | మార్చి చివర–ఏప్రిల్ | జూన్–సెప్టెంబరు | ఎత్తుపల్లాలు | గట్టి నడకగాళ్లు |

మిషన్ పీక్ లేదా కొయోటీ హిల్స్

బే ఏరియాకు కొత్తగా వచ్చిన తెలుగువాడు మొదటి నెలలోనే మిషన్ పీక్ ఎక్కేస్తాడు. పైన ఇనుప స్తంభం మీద నిలబడి దిగిన ఫోటో లేని ప్రొఫైల్ అరుదు. శిఖరం ఎత్తు 2,517 అడుగులు. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి ఎక్కితే దాదాపు 2,000 అడుగుల ఎక్కుడు. దారిలో నీడ లేదు, నీళ్లు లేవు. మేసే ఆవులు మాత్రం ఉంటాయి, దారికి అడ్డంగా నిలబడి మనల్నే పక్కకు తప్పుకోమన్నట్టు చూస్తాయి.

నేను చేసిన పొరపాటు ఒకటుంది. నాన్న వచ్చిన రెండో వారంలో, జూన్ నెలలో, టిఫిన్ తిని పదింటికి ఈ కొండకు తీసుకెళ్లాను. "రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తా, నాకేంటి" అన్నారాయన. సగం దారిలో ముఖం కందిపోయి ఓ రాయి మీద కూర్చుండిపోయారు. మా దగ్గరున్నవి రెండే నీళ్ల సీసాలు. వెనక్కి దిగేటప్పుడు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి మజ్జిగ తాగాక, "తిరుమల మెట్లే నయం, కనీసం పైన కప్పుంటుంది" అన్నారు.

అదే కొండ జనవరి ఉదయం ఏడింటికి ఎక్కండి. గడ్డి మోకాలెత్తు పచ్చగా ఉంటుంది, కింద బే మీద పొగమంచు తెల్లటి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. వాన పడిన మర్నాడు మాత్రం వద్దు. బంకమట్టి బూట్లకు అంటుకుని ఒక్కో కాలు కిలో బరువవుతుంది. పార్కింగ్ స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు ఇరుకు. శని, ఆదివారాల్లో సూర్యోదయానికే నిండిపోతుంది. ఓలోని కాలేజీ వైపు నుంచైతే పార్కింగ్‌కు డబ్బులు కట్టాలి, దారీ కాస్త పొడుగే, కానీ ఎక్కుడు మెల్లగా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ఆ వైపే చెబుతాను.

పెద్దవాళ్లతో అయితే అదే ఊళ్లో, బే ఒడ్డున ఉన్న కొయోటీ హిల్స్ మేలు. తారు వేసిన చదును దారి, చిత్తడి మీద చెక్క వంతెన, చుట్టూ తుంగ. చలికాలంలో ఉత్తరాన్నుంచి బాతులు వచ్చి దిగుతాయి. తెల్లటి పెలికాన్లను చూసి అమ్మ కొల్లేరు గుర్తుచేసుకుంది. చిన్నప్పుడు ఆటపాక పక్కనుంచి బస్సులో వెళ్లిందట. ఇక్కడ వేల ఏళ్లు బతికిన ఓలోని తెగ ప్రజల ఊరి ఆనవాళ్లు కూడా ఈ పార్కులోనే ఉన్నాయి. వ్యాయామం దృష్టితో చూస్తే ఇది మిషన్ పీక్‌కు సాటి రాదు. మంగళవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక, కార్లో ఫ్లాస్కు టీ పెట్టుకుని వెళ్లదగ్గ చోటు మాత్రం ఇదే.

హెన్రీ కోవెల్ లేదా బిగ్ బేసిన్

"రెడ్‌వుడ్స్ చూపించు" అని చుట్టం అడిగితే నేను ఆలోచించకుండా ఫెల్టన్ పక్కనున్న హెన్రీ కోవెల్‌కు తీసుకెళ్తాను. ఇక్కడి రెడ్‌వుడ్ గ్రోవ్ లూప్ ముప్పావు మైలు పైచిలుకు, చదును, స్ట్రోలర్ తోసుకెళ్లొచ్చు. అన్నిటికంటే ఎత్తైన చెట్టు సుమారు 277 అడుగులు. తల వెనక్కి వంచి చూస్తూ ఉంటే మెడ పట్టేస్తుంది, కొస మాత్రం కనిపించదు. జూలైలో లోపలి ఊళ్లు ఉడికిపోతున్నా ఇక్కడ చెట్ల కింద చల్లగా ఉంటుంది. తీరం నుంచి వచ్చే పొగమంచును ఈ చెట్లు ఆకులతో పట్టి చుక్కలుగా నేలకు రాలుస్తాయి. వాన లేని నెలల్లో వాటి దాహం కొంత అలా తీరుతుంది.

ఈ లూప్‌లో మొదలు బోలుగా ఉన్న చెట్టొకటి ఉంది. 1846లో జాన్ ఫ్రీమాంట్ అనే అన్వేషకుడు అందులో పడుకున్నాడని చెప్పుకుంటారు. మనం ఇంటి అడ్రసులో రోజూ రాసుకునే ఫ్రీమాంట్ ఆయన పేరే. లోపల దూరడానికి పిల్లలు క్యూ కడతారు, మా నాన్న కూడా దూరారు. తడి రోజుల్లో దారి పక్కన పసుపుపచ్చటి బనానా స్లగ్స్ (గుల్ల లేని నత్తలు) పాకుతుంటాయి. అరటిపండు తొక్క పడిపోయిందనుకుని మా పాప తీయబోయింది. శాంటాక్రూజ్ యూనివర్సిటీ వాళ్ల గుర్తు (మాస్కాట్) ఇదే.

బిగ్ బేసిన్ కథ వేరు. 1902లో ఏర్పడిన ఈ పార్కు కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో అన్నిటికంటే పాతది. 2020 ఆగస్టులో పిడుగుల వల్ల రేగిన మంటల్లో 97 శాతం కాలిపోయింది. రెండేళ్ల తర్వాత, 2022 జూలైలో కొంత భాగం తెరిచారు. ఇప్పుడు వెళ్తే నల్లగా మాడిన మానుల ఒంటి నిండా లేత పచ్చ చిగుళ్లు, సీసాలు కడిగే బ్రష్షుల్లా కనిపిస్తాయి. పెద్ద రెడ్‌వుడ్స్ చాలావరకు చావలేదు. మందపాటి బెరడు కాపాడింది, మొదలు నుంచీ కొమ్మల నుంచీ మళ్లీ చిగురించాయి. నాకు ఇది హెన్రీ కోవెల్ కంటే ఎక్కువ మనసుకు పట్టింది. కానీ నీడ తగ్గిపోయింది, సిగ్నల్ ఉండదు, పార్కింగ్ ముందే బుక్ చేసుకుని వెళ్లడం మేలు. మొదటిసారి వచ్చిన అత్తగారిని తీసుకెళ్తే "కాలిపోయిన అడవి చూపించావేంటమ్మా" అనే ప్రమాదం ఉంది.

పులిహోర డబ్బాలతో వెళ్లేవాళ్లు ఇక్కడొకటి గుర్తుంచుకోవాలి. మార్బుల్డ్ మర్రెలెట్ అనే సముద్రపు పక్షి గుడ్డు పెట్టడానికి మాత్రం మైళ్ల దూరం లోపలికి ఎగిరొచ్చి ఈ ముసలి చెట్ల పైకొమ్మల మీద పెడుతుంది. పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. ఆ గూడు ఎక్కడుంటుందో 1974 దాకా శాస్త్రజ్ఞులకే అంతుబట్టలేదు. చివరికి ఇదే పార్కులో చెట్టెక్కి కొమ్మలు కొట్టే మనిషి కంటపడింది. మనం రాల్చిన మెతుకుల కోసం నీలం రంగు స్టెల్లర్స్ జే పక్షులు గుంపులుగా చేరతాయి. చేరినవి ఊరుకోవు, పైనున్న ఆ గుడ్లూ తినేస్తాయి. అందుకే ఒక్క ముక్క కూడా కింద పడనివ్వొద్దని రేంజర్లు పదేపదే చెబుతారు. పులిహోర మెతుకులు బల్ల సందుల్లో ఎలా ఇరుక్కుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ ఒక్క చోటికి చపాతీ రోల్స్ తీసుకెళ్లండి.

ఆన్యో న్వేవో లేదా నేచురల్ బ్రిడ్జెస్

చలికాలంలో తీరానికి వెళ్లాలంటే ఈ రెండిట్లో ఒకటి. నన్నడిగితే ఆన్యో న్వేవో చూడకుండా బే ఏరియా వదలకూడదు.

ఆ పేరుకు స్పానిష్‌లో కొత్త సంవత్సరం అని అర్థం. 1603 జనవరిలో అటుగా వెళ్లిన స్పెయిన్ నావికులు పెట్టారు. పేరుకు తగ్గట్టే జనవరిలోనే అక్కడ సందడి. డిసెంబరులో మగ ఎలిఫెంట్ సీల్స్ (తొండంలాంటి ముక్కున్న సముద్రపు జంతువులు) వచ్చి ఇసుకలో జాగాలు పట్టుకుంటాయి. ఒక్కోటి 16 అడుగుల దాకా పొడుగు, రెండు టన్నుల పైన బరువు. తర్వాత ఆడవి వచ్చి పిల్లల్ని కంటాయి. సంక్రాంతి నాటికి పోరు మంచి ఊపులో ఉంటుంది. రెండు మగవి ఎదురెదురుగా లేచి, ముక్కు ఎత్తి, బుల్లెట్ బండి చలికి స్టార్ట్ కానన్నట్టు డుగుడుగుమంటాయి. చాలాసార్లు ఆ చప్పుడుకే ఒకటి వెనక్కి తగ్గుతుంది. తగ్గకపోతే మెడలు కొరుక్కుంటాయి. నాన్న రెండోసారి వచ్చినప్పుడు చూపించాను. కోడిపందేల బరి పక్కన నిలబడినట్టు, "ఆ మచ్చలదే గెలుస్తుంది చూడు" అని పక్కనున్న అమెరికన్ పెద్దాయనకు సైగలతో చెప్పారు. మచ్చలదే గెలిచింది.

పుట్టినప్పుడు పిల్ల సుమారు 75 పౌండ్లుంటుంది. సగానికి పైగా కొవ్వే ఉండే తల్లిపాలు తాగి నాలుగు వారాల్లో 300 పౌండ్ల దగ్గరికి వెళ్తుంది. అన్ని రోజులూ తల్లి ఏమీ తినదు. నెల తిరిగేసరికి తల్లి పిల్లను వదిలి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఫిబ్రవరి చివర వెళ్తే, ఏం చేయాలో తెలియక ఇసుకలో గుంపులుగా పడుకున్న గుండ్రటి పిల్లలు కనిపిస్తాయి. నూనె కోసం వేటాడి వేటాడి, 1890ల నాటికి ఈ జాతిని వందలోపుకు తెచ్చారు. మెక్సికోలోని ఒక దీవిలో మిగిలిన ఆ కొన్నిటి సంతానమే ఇవాళ మనం చూసేవన్నీ. ఇక్కడ ఒడ్డు మీద మొదటి పిల్ల పుట్టింది 1975లో.

ఇక ఇబ్బందులు. డిసెంబరు మధ్య నుంచి మార్చి చివరి దాకా గైడ్‌తోనే వెళ్లాలి, అదీ ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకుని. సంక్రాంతి సెలవు దొరికాక టికెట్ వెతికితే దొరకదు, కొన్ని వారాల ముందే చూసుకోవాలి. మూడు మైళ్లు, రెండున్నర గంటలు, చివర ఇసుక దిబ్బలు. స్ట్రోలర్ పనికిరాదు. వాన పడినా నడక ఆగదు, రెయిన్‌కోటు తప్పనిసరి. సీల్స్‌కు 25 అడుగుల దూరం పాటించాలి. నడవలేని పెద్దవాళ్ల కోసం చెక్క దారి మీదుగా వేరే టూర్లు పెడతారు, వాటికి బుకింగ్ వేరు. డిసెంబరు మొదటి రెండు వారాలు అటువైపు ఎవర్నీ వదలరు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా పర్మిట్ తీసుకుని మనంతట మనమే నడవొచ్చు. మే నెలలో వెళ్తే ఆడవి పాత చర్మం పొరలుపొరలుగా ఊడిపోతూ బద్ధకంగా పడుకుని ఉంటాయి. అదొక తమాషాయే కానీ జనవరి ముందు వెలవెలబోతుంది.

నేచురల్ బ్రిడ్జెస్ ఊళ్లోనే, శాంటాక్రూజ్‌లో ఉంది. అక్టోబరు మధ్య నుంచి యూకలిప్టస్ తోపులో మోనార్క్ సీతాకోకచిలుకలు గుత్తులుగా వేలాడతాయి. చెక్క బాట మీద పది నిమిషాల నడక, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. ఒక కిటుకు ఉంది. పొద్దున్నే వెళ్తే చలికి రెక్కలు మూసుకుని ఎండుటాకుల్లా ఉంటాయి, ఏమీ లేవనుకుని తిరిగొచ్చేస్తాం. పదకొండు దాటాక, ఎండ పడి 55 డిగ్రీలు దాటితే రెక్కలు విప్పుతాయి. ఒక్కసారిగా కొమ్మ నారింజ రంగుకు తిరుగుతుంది. ఏటేటా ఎన్ని వస్తాయన్నది మాత్రం జూదమే. పశ్చిమ ప్రాంతమంతా కలిపి 2020 లెక్కల్లో రెండు వేలు కూడా తేలలేదు, మరుసటి ఏడు దాదాపు రెండున్నర లక్షలు, 2024లో మళ్లీ 9,119. కాబట్టి పిల్లలకు "వేల సీతాకోకచిలుకలు" అని ఆశ పెట్టకండి. "బీచ్‌కి వెళ్దాం, సీతాకోకచిలుకలు కూడా ఉండొచ్చు" అనండి.

డయాబ్లో లేదా హెన్రీ కో

ముందుగా పేర్ల గొడవ. హెన్రీ కోవెల్, హెన్రీ కో వేర్వేరు. మా ఫ్రెండొకరు ఆగస్టులో రెడ్‌వుడ్స్ చూద్దామని జీపీఎస్‌లో మొదటి నాలుగక్షరాలు కొట్టి, వచ్చిన పేరు నొక్కేశాడు. మోర్గన్ హిల్ దాటి మెలికల రోడ్డులో అరగంట పైగా ఎక్కి, చెప్పులు వేసుకున్న ఇద్దరు పిల్లలతో ఎండుగడ్డి కొండ మీద తేలాడు. "చెట్లేవి డాడీ" అని వాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు.

హెన్రీ కో ఉత్తర కాలిఫోర్నియాలో అన్నిటికంటే పెద్ద స్టేట్ పార్కు, 87,000 ఎకరాలు. పువ్వులు చూడాలంటే ఏప్రిల్‌లో దీన్ని మించింది దగ్గర్లో లేదు: పాపీలు, లూపిన్లు, షూటింగ్ స్టార్స్. జనం పలుచన. బ్యాక్‌ప్యాక్ వేసుకుని రాత్రి టెంట్లో పడుకోవాలనుకునే కుర్రాళ్లకు సరైన చోటు. ఎక్కడికి వెళ్లినా ముందు దిగాలి, మళ్లీ ఎక్కాలి. వెనక్కి వచ్చేటప్పుడే అసలు ఎక్కుడు మొదలవుతుంది. ఆ లెక్క మర్చిపోయినవాళ్లే చీకటి పడ్డాక ఫోన్ లైట్లతో వస్తారు.

మౌంట్ డయాబ్లో దీనికి తిరుగుడు. 3,849 అడుగుల శిఖరం దాకా కారు వెళ్తుంది. పైన ముప్పావు మైలు లోపు లూప్ ఉంది, అమ్మ స్పోర్ట్స్ షూ మీద చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని హాయిగా చుట్టేసింది. వాన వెలిసిన మర్నాడు గాలి కడిగినట్టు ఉంటుంది, తూర్పున సియెర్రా నెవాడా మంచు కొండలు వరుసగా కనిపిస్తాయి. రోడ్డు ఇరుకు, సైకిళ్లు ఎక్కువ, మలుపుల్లో తొందరపడకండి. సూర్యాస్తమయానికి గేట్లు మూస్తారు.

సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాల్లో రెండు చోట్లా ఒకటే ఆకర్షణ: టరాంటులాలు. ఏళ్ల తరబడి బొరియలో ఉన్న మగ సాలీడు ఆ నెలల్లోనే ఆడదాన్ని వెతుక్కుంటూ బయటికొస్తుంది. మేం డయాబ్లో నుంచి దిగుతుంటే ముందు కారు ఆగింది. అరచేయంత జీవి, నల్లటి నూగు ఒళ్లు, ఎనిమిది కాళ్లలో ఒక్కోదాన్ని లేపి, గాల్లో కాసేపు ఆపి, ఆచితూచి పెడుతూ రోడ్డు దాటుతోంది. రెండు వైపులా కార్లు ఆగిపోయాయి. దాటడానికి నాలుగు నిమిషాలు పట్టింది, ఎవరూ హారన్ కొట్టలేదు. కుడితే తేనెటీగ కుట్టినంత బాధ అంటారు, ప్రాణానికి ముప్పు లేదు. చేత్తో ముట్టుకుంటే పొట్ట మీది నూగు విదిలిస్తుంది, అది కళ్లలో పడితే మంట. ఆ మగది ఆ సీజన్ దాటి ఎక్కువ కాలం బతకదు. ఆడవి ఇరవై ఏళ్ల పైన బతుకుతాయి.

పైసలు, జీడి, పిడుదులు

స్టేట్ పార్కుల్లో కారుకు రోజుకు సుమారు పది డాలర్ల చొప్పున పోతుంది. అది కట్టే ముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో స్టేట్ పార్క్ పాస్ ఉందేమో అడగండి. పుస్తకంలాగే ఇంటికి తెచ్చుకుని, వాడుకుని తిరిగిచ్చేయొచ్చు. నాలుగో తరగతి చదివే పిల్లలుంటే ఎంపిక చేసిన కొన్ని పార్కులకు ఏడాది పాటు ఉచిత పాస్ వస్తుంది.

పాయిజన్ ఓక్ గురించి మనవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఇది మన మామిడికి, జీడికి చుట్టం, ఒకే కుటుంబం. మామిడి సొన పడి మూతి పొక్కినవాళ్లకు, నల్లజీడి రసం తగిలి ఒళ్లు కాలినవాళ్లకు ఆ బాధ తెలుసు. మూడేసి ఆకులు, శరత్తులో అందమైన ఎరుపు. ఫోటో కోసం కోయకండి. చలికాలంలో ఆకు రాలినా ఉత్త కొమ్మ తగిలినా దద్దుర్లు వస్తాయి. గడ్డి ఎత్తుగా ఉన్న నెలల్లో పిడుదులు పడతాయి. ఇంటికొచ్చాక పిల్లల చెవుల వెనక, మోకాళ్ల వెనక చూడాలి. ఎండ పెరిగాక గిలక్కాయ పాములు (రాటిల్‌స్నేక్స్) బాట మీదికే వస్తాయి, వాటి తోక చప్పుడు వినిపించేలా ఇయర్‌ఫోన్స్ తీసేసి నడవండి. పర్వత సింహం ఎదురుపడే అవకాశం చాలా తక్కువ. పడితే పరుగెత్తకూడదు, చేతులెత్తి పెద్దగా కనిపించాలి, చిన్నపిల్లల్ని ఎత్తుకోవాలి.

ఎవరికి ఏది

చంటిపిల్ల ఉంటే హెన్రీ కోవెల్, నేచురల్ బ్రిడ్జెస్, కొయోటీ హిల్స్. మిగతావి నాలుగేళ్లాగి చూడండి, అవెక్కడికీ పోవు. బడికెళ్లే పిల్లలకు జనవరిలో ఆన్యో న్వేవో, అక్టోబరులో డయాబ్లో. వానాకాలంలో బర్క్‌లీ పక్కన టిల్డెన్ పార్కు కూడా: న్యూట్లు అనే నారింజ పొట్ట జీవులు చెరువులకు వెళ్తూ తొక్కుడుపడకుండా, నవంబరు నుంచి మార్చి దాకా సౌత్ పార్క్ డ్రైవ్ అనే రోడ్డునే మూసేస్తారు. వాటి చర్మంలో విషం ఉంటుంది, చూడటం వరకే. ఒంటరిగా ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు మిషన్ పీక్ ఎలాగూ తప్పదు కాబట్టి, ఏప్రిల్‌లో ఒకసారి హెన్రీ కో వెళ్లండి.

అమ్మానాన్నల విషయంలోనే నిజమైన తకరారు. ఆరు నెలలు ఉండటానికి అందరూ మేలో రప్పిస్తారు. అక్కడ ఎండలు తప్పుతాయి, పిల్లలకు బడి సెలవుల్లో తోడు ఉంటారు. కానీ వాళ్లు ఇక్కడున్నన్నాళ్లూ కొండలు ఎండిపోయి ఉంటాయి, సీల్స్ సందడి ఉండదు. సీతాకోకచిలుకలు మొదలయ్యే వేళకు సూట్‌కేసులు సర్దుకుంటారు. అదే అక్టోబరు మొదట్లో రప్పిస్తే టరాంటులాల నుంచి పచ్చటి కొండల దాకా వరుసగా అన్నీ చూస్తారు, మార్చి పువ్వులు కూడా అందుతాయి. తిరిగెళ్లేసరికి గుంటూరులో ఏప్రిల్ ఎండ సిద్ధంగా ఉంటుంది, అదొక నష్టం. చలికి మోకాళ్లు పట్టేయడం ఇంకొకటి.

మా ఇంట్లో రెండోసారి అక్టోబరుకే టికెట్లు తీశాం. నాన్న వెంటనే సరేనన్నారు. అమ్మ మాత్రం, "సంక్రాంతికి ఇంటి ముందు ముగ్గెవరేస్తారు" అని వారం రోజులు ఫోన్లో సణిగింది. చివరికి బియ్యప్పిండి డబ్బా సూట్‌కేసులో పెట్టుకుని వచ్చింది. భోగి రోజు పొద్దున మా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర నాలుగు చుక్కల ముగ్గు వేసి, అప్పుడు కారెక్కింది ఆన్యో న్వేవోకి.